పన్ను బకాయి చూపించి వాటా అడుగుతుంటే

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా తాతగారు తన ఉద్యోగపు సంపాదనతో 1974లో కొమ్మాదిలో 900 గజాల స్థలం కొని, ఒక మూల చిన్న పెంకుటిల్లు కట్టుకున్నారు. వీలునామా రాయకుండానే 1996లో పోయారు. నాయనమ్మ 2003లో, నాన్నగారు 2021 డిసెంబరులో కన్నుమూశారు. అమ్మ, అన్నయ్య, నేను, దుబాయిలో ఉన్న తమ్ముడు మిగిలాం. నాన్నగారికి ఒక చెల్లెలు ఉన్నారు. మా మేనత్త విజయనగరంలో ఉంటారు.

ఇంటి పన్ను తాతగారి పేరు మీదే ఏటా కడుతూ వచ్చాం. ఖాళీ స్థలానికి వేరే పన్ను ఉంటుందని మాకు తెలియదు. 2019 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా ఖాళీ స్థలం పన్ను 4 లక్షల 20 వేలు, దాని మీద వడ్డీ 3 లక్షలు, మొత్తం 7 లక్షల 20 వేలు కట్టాలని నగరపాలక సంస్థ దావా వేసింది. ప్రతివాదులుగా అమ్మ, అన్నయ్య, నా పేర్లు ఉన్నాయి. తమ్ముడి పేరు, మేనత్త పేరు లేవు. పది రోజుల క్రితం నాకు సమన్లు అందాయి. అమ్మకు వచ్చినవి తీసుకోవద్దని అన్నయ్య వెనక్కి పంపించాడు.

బకాయి మొత్తం తానే కడతానని, అందుకు బదులుగా అమ్మ, నేను మా వాటాలు వదులుకుంటూ సంతకాలు చేయాలని అన్నయ్య అంటున్నాడు. లేకపోతే నా జీతం, అమ్మ పింఛను జప్తు అవుతాయని భయపెడుతున్నాడు. మేనత్తకు పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సింది ఇచ్చేశారు కాబట్టి ఆమెకు ఏ హక్కూ లేదంటున్నాడు. మూడేళ్లుగా ఆ ఖాళీ స్థలాన్ని ఇటుకలు, ఇసుక అమ్మేవారికి నెలకు 12 వేలకు అద్దెకిచ్చి ఆ డబ్బు తనే తీసుకుంటున్నాడు. పక్క స్థలం ఈమధ్యే గజం 40 వేలకు అమ్ముడైంది. గత నెల అమ్మ చేత ఒక స్టాంపు కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నాడు. నేనేం చేయాలి?

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందుగా సమన్ల మీద ఉన్న తేదీ చూడండి. మిగతా విషయాలన్నీ దాని తర్వాతే. సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. ఇప్పటికే మీకు పది రోజులు గడిచిపోయాయి. మీ అమ్మగారి సమన్లు వెనక్కి పంపడం వల్ల ఆమెకు ఏ రక్షణా రాలేదు. తీసుకోవడానికి నిరాకరిస్తే అందినట్టే కోర్టు లెక్క వేస్తుంది. అప్పుడు ఆమె లేకుండానే విచారణ సాగి ఏకపక్ష డిక్రీ వస్తుంది. దాన్ని రద్దు చేయించుకోవాలంటే 30 రోజుల్లో మళ్లీ కోర్టుకు వెళ్లి, ఎందుకు రాలేకపోయారో నమ్మించాలి. కావాలని వెనక్కి పంపినవారికి అది చాలా కష్టం. ఈ వారంలోనే మీరూ అమ్మగారూ కలిసి వకాల్తా ఇవ్వండి. అయితే మీ అన్నయ్య పెట్టుకున్న వకీలుకు కాదు. ఆయన కోరేదీ మీకు మేలు చేసేదీ ఒకటి కానప్పుడు ఇద్దరికీ ఒకే వకీలు ఉండకూడదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో రెండు తగాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఒకటి నగరపాలక సంస్థకు కట్టాల్సిన పన్ను. రెండోది కుటుంబంలో వాటాల పంపకం. పన్ను కట్టినంత మాత్రాన ఎవరికీ కొత్తగా హక్కు రాదు, కట్టనంత మాత్రాన ఉన్న హక్కు పోదు. పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. మీ అన్నయ్య ఈ రెంటినీ ముడివేసి బేరం పెడుతున్నారు. మీరు చేయాల్సిన పని ఆ ముడి విప్పడం. పన్ను సంగతి పన్నుగా తేల్చండి, వాటాల సంగతి వాటాలుగా తేల్చండి.

ముందు ఆ స్థలం ఎవరిదో చూద్దాం. మీ తాతగారు సొంత సంపాదనతో కొన్నారు కాబట్టి అది ఆయన స్వార్జితం. వీలునామా లేకుండా పోయారు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాయనమ్మకు, నాన్నగారికి, మేనత్తకు సమానంగా మూడో వంతు చొప్పున వచ్చింది. 2003లో నాయనమ్మ పోయాక, ఆమె కూడా వీలునామా రాయలేదనుకుంటే, ఆమె వాటా ఇద్దరు బిడ్డలకూ చెరిసగం వెళ్లింది. అంటే 2003 నుంచి ఆ స్థలంలో సగం మీ నాన్నగారిది, సగం మీ మేనత్తది. నాన్నగారి సగం అమ్మకు, ముగ్గురు బిడ్డలకు నాలుగు సమాన భాగాలుగా వచ్చింది. గజాల్లో చెప్పాలంటే మేనత్తకు 450, మీ నలుగురికీ తలా 112న్నర.

ఆడపిల్లల హక్కు అనగానే చాలామంది 2005 సవరణ గురించి మాట్లాడతారు. ఆ సవరణ పూర్వుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. మీ మేనత్త విషయంలో దాని అవసరమే లేదు. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచే ఉంది. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద పొలమో బంగారమో ఇచ్చి ఉండవచ్చు. అది తండ్రి ప్రేమతో ఇచ్చింది, ఆయన బతికుండగా ఇచ్చింది. ఆయన మరణం తర్వాత వచ్చే వారసత్వాన్ని అది తుడిచేయదు. ఆమె ఇన్నేళ్లు అడగలేదు కదా అనే వాదన కూడా నిలవదు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనమే. నీకు హక్కు లేదు పొమ్మని బాహాటంగా గెంటేసి, దాని మీద చట్టం చెప్పిన కాలం గడిస్తే తప్ప ఆమె హక్కు పోదు. పసుపు కుంకుమ మాట చెప్పి ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించే పద్ధతి మన ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. నాకు అది ప్రతిసారీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే సంతకం పెట్టేవాళ్లలో చాలామంది ఇంటి పరువు కోసం, పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనన్న భయంతో పెడతారు.

ఇప్పుడు మీ అన్నయ్య పెట్టిన బేరం విలువ ఎంతో చూడండి. 7 లక్షల 20 వేలలో మీ వాటా ఎనిమిదో వంతు, అంటే 90 వేలు. మూడేళ్ల అద్దె నెలకు 12 వేల చొప్పున 4 లక్షల 32 వేలు. ఉమ్మడి స్థలం మీద ఒకరే అద్దె తీసుకుంటే మిగతావారికి లెక్క చెప్పి, వారి వాటా ఇవ్వాలి. అందులో మీ ఎనిమిదో వంతు 54 వేలు. 90 వేలలో అది తీసేస్తే మీరు నిజంగా పెట్టాల్సింది 36 వేలు. దానికి బదులుగా మిమ్మల్ని వదులుకోమంటున్నది 112న్నర గజాలు. మీరు చెప్పిన గజం 40 వేల ధరకు అది 45 లక్షలు. అమ్మగారి లెక్క కూడా అచ్చంగా ఇదే. మరో సంగతి గమనించారా? అన్నయ్య తీసుకున్న అద్దె ఒక్కటే అసలు పన్ను 4 లక్షల 20 వేల కంటే ఎక్కువ. ఆ స్థలం తన పన్ను తానే సంపాదించుకుంది, ఆ డబ్బు పన్ను ఖాతాకు చేరలేదు, అంతే.

కాబట్టి ఆ సంతకం చేయవద్దు. ఇదే మాట అమ్మగారికీ చెప్పండి.

తర్వాత దావాలోని అంకె. బకాయి ఉందని ఒప్పుకునే ముందు లెక్క సరిగా ఉందో లేదో చూడాలి. కొమ్మాది, మధురవాడ, వేపగుంట వంటి ఊళ్లు 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు నగరంలో కలిశాయి. భీమిలి, అనకాపల్లి 2013లో చేరాయి. ఈ చోట్ల పాతకాలపు కుటుంబాలకు పంచాయతీ ఇంటి పన్ను అలవాటు. ఇల్లు లేని భాగానికి విడిగా, స్థలం విలువ మీద శాతంగా ఖాళీ స్థలం పన్ను ఉంటుందన్న సంగతి చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తుంది. తెలియదు అన్నది కోర్టులో జవాబు కాదు గానీ, పన్ను ఎలా వేశారో అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

మీ విషయంలో ముందుగా చూడాల్సింది ఇంటికి ఆనుకుని ఉన్న జాగా. ఇల్లు ఉన్న స్థలంలో, ఇల్లు నిలబడ్డ చోటుతో కలిపి దాని వైశాల్యానికి మూడు రెట్ల దాకా, లేదా వెయ్యి చదరపు మీటర్ల దాకా, రెంటిలో ఏది తక్కువైతే అంత జాగాను ఇంటికి చెందినదిగానే లెక్కించాలి. దాని మీద ఖాళీ స్థలం పన్ను వేయకూడదు. మీ పెంకుటిల్లు 80 గజాల్లో ఉందనుకుందాం. అప్పుడు 240 గజాలు ఇంటి కిందికి వస్తాయి, ఖాళీ స్థలం 660 గజాలే. అధికారులు 900 గజాలకూ ఖాళీ స్థలం పన్ను వేసి ఉంటే, అసలు 4 లక్షల 20 వేల నుంచి 3 లక్షల 8 వేలకు దిగుతుంది, వడ్డీ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మొత్తం మీద దాదాపు లక్షా 90 వేల తేడా. ఒక సర్వేయరును పిలిచి ఇంటి కొలత, స్థలం కొలత రాయించి పెట్టుకోండి. 1974 నాటి దస్తావేజులో 900 గజాలు ఉన్నా, రోడ్డు వెడల్పులోనో కాలువలోనో కొంత పోయి ఉంటే ఆ మేరకు కూడా తగ్గాలి.

రెండో విషయం, ఏ ఏడాదికి ఏ విలువ వేశారు అన్నది. రిజిస్ట్రేషన్ శాఖ స్థలాల విలువలు పెంచినప్పుడల్లా ఈ పన్నూ పెరుగుతుంది. 2019 నాటి పన్నుకు 2019 నాటి విలువే వాడాలి, ఇవాళ్టి విలువను వెనక్కి తీసుకెళ్లి వేయకూడదు. ఏడాదివారీగా డిమాండ్, వసూలు, బకాయి పట్టిక, అసెస్‌మెంట్ ఉత్తర్వు (పన్ను ఎంతో నిర్ణయించిన ఉత్తర్వు), దానికి ముందు ఇచ్చిన నోటీసు, అది ఎవరికి అందినట్టు సంతకం ఉందో ఆ కాగితం, ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలి. అవే పత్రాలు దాఖలు చేయమని కోర్టులో కూడా అడగవచ్చు. నోటీసు 1996లో పోయిన తాతగారి పేరు మీదే పంపి ఉంటే ఆ విషయం జవాబులో రాయించండి. అయితే దాని మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఆస్తి యజమాని మరణిస్తే ఏడాదిలోగా వారసులు తెలియజేయాలన్న బాధ్యత మున్సిపల్ చట్టం మన మీద కూడా పెట్టింది.

వడ్డీ నెలకు 2 శాతం, అది మామూలు వడ్డీ, వడ్డీ మీద వడ్డీ కాదు. పదివేల బకాయి ఐదేళ్లు ఉంచితే వడ్డీయే 12 వేలవుతుంది. ఆలస్యం చేసిన ప్రతి నెలా మీ కుటుంబానికే నష్టం. ఈ వడ్డీని ప్రభుత్వ ఉత్తర్వు ద్వారానే తగ్గిస్తారు, ఆర్థిక సంవత్సరం చివర్లో అలాంటి ఉత్తర్వులు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మాట్లాడి తగ్గిస్తాను అని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మి డబ్బు ఇవ్వవద్దు.

అసెస్‌మెంట్ తప్పు అని చెప్పుకోవడానికి మున్సిపల్ చట్టంలోనే వేరే దారి ఉంది. ముందు కమిషనరుకు రివిజన్ పిటిషన్, ఆ తర్వాత అప్పీలు. అప్పీలు వినాలంటే పన్ను ముందుగా జమ చేయాలి. దావా వినే సివిల్ కోర్టు పన్ను లెక్క లోతుల్లోకి దిగడానికి సాధారణంగా వెనకాడుతుంది. అందుకని రెండు చోట్లా కదలండి. ఆశీల్‌మెట్ట దగ్గర తెన్నేటి భవన్‌లో గానీ మీ జోనల్ కార్యాలయంలో గానీ పిటిషన్ ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న నకలు తీసుకోండి. ఆ నకలు కోర్టు జవాబుకు జతచేయండి.

మీ జీతం సంగతి. ఇక్కడ సగం నిజం చెప్పి భయపెట్టారు. ఎవరి కాలపు పన్ను అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 2021 డిసెంబరు వరకు ఉన్న బకాయిలో నాన్నగారి వంతు ఆయన అప్పు. చనిపోయినవారి అప్పుకు వారసులు, వారి నుంచి తమ చేతికి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్లు ఈ మాటే చెబుతాయి. దాని కోసం మీ జీతాన్ని, మీరు సొంతంగా కొనుక్కున్న ఆస్తిని ముట్టుకోలేరు. ఆ తర్వాతి కాలానికి మాత్రం మీరే యజమానులు, కాబట్టి ఆ పన్ను మీ సొంత బాధ్యత. దానికి డిక్రీ వచ్చి, మీరు కట్టకపోతే జీతం మీద జప్తు అడిగే వీలుంది. అప్పుడు కూడా మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు వదిలేయాలి. ప్రావిడెంట్ ఫండును తాకకూడదు. అమ్మగారిది ప్రభుత్వ కుటుంబ పింఛను అయితే దాన్ని డిక్రీ కోసం జప్తు చేయకూడదని అదే కోడ్ 60వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఈ ఒక్క ముక్క అమ్మగారికి ఇవాళే చెప్పండి. ఈ వయసులో పింఛను పోతుందన్న దిగులుతో ఆమె నిద్ర పోగొట్టుకోకూడదు.

నిజమైన ప్రమాదం జీతానికి కాదు, స్థలానికి. ఆస్తి పన్ను ఆ ఆస్తి మీదే మొదటి భారంగా నిలుస్తుంది, అంటే ఆ ఆస్తి నుంచి ముందుగా వసూలు చేసుకోవాల్సింది అదే. వేలం దాకా వెళ్లే అధికారం చట్టంలో ఉంది. అందరూ నీదంటే నీదని చేతులు కట్టుకు కూర్చుంటే పోయేది 900 గజాలు.

అందుకే నా సలహా, తగాదా లేని మొత్తాన్ని వెంటనే కట్టేయండి. పై లెక్క ప్రకారం 660 గజాలకు పన్ను, వడ్డీ కలిపి దాదాపు 5 లక్షల 28 వేలు అవుతుంది. కొలతలు వచ్చాక ఇది కొంత మారవచ్చు. ముందుగా అద్దె డబ్బుతో కట్టమని అన్నయ్యను రాతపూర్వకంగా అడగండి. ఆయన కదలకపోతే మీరు, మేనత్త, తమ్ముడు కలిసి సర్దుకోండి. మేనత్త వాటా సగం కాబట్టి ఆమెకు కూడా ఇది చిన్న విషయం కాదు. డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే, అసెస్‌మెంట్ నంబరు మీద వెళ్లాలి. చేతికి నగదు ఇవ్వవద్దు. ‘వారసులందరి తరఫున, లెక్క మీద మా అభ్యంతరాలకు లోబడి చెల్లిస్తున్నాం’ అని ఒక లేఖ కార్యాలయంలో ఇచ్చి, కోర్టులో మెమో వేయించండి. ఆ రోజు నుంచి ఆ మేరకు వడ్డీ ఆగుతుంది, కోర్టు కూడా మిమ్మల్ని ఎగవేతదారులుగా చూడదు.

మీ వాటాకు మించి మీరు కట్టినదంతా తిరిగి రాబట్టుకోవచ్చు. ఇంకొకరు చట్టప్రకారం కట్టాల్సిన డబ్బును, ఆ చెల్లింపులో తనకూ ప్రయోజనం ఉండి కట్టినవారికి దాన్ని తిరిగి పొందే హక్కును భారత ఒప్పందాల చట్టం 69వ సెక్షన్ ఇచ్చింది. దానికి మూడేళ్ల గడువు. లేదా పంపకాల దావాలో అద్దె లెక్కతో పాటే సర్దుబాటు చేయించుకోవచ్చు. మీ అన్నయ్య నిజంగానే మొత్తం కడితే ఆయనకూ సరిగ్గా ఈ హక్కే ఉంటుంది, డబ్బు తిరిగి అడిగే హక్కు. స్థలం అడిగే హక్కు కాదు.

కోర్టులో వేయాల్సిన ఇంకో కాగితం, మేనత్తను, తమ్ముణ్ణి ప్రతివాదులుగా చేర్చమనే పిటిషన్. సగం హక్కుదారు లేకుండా మీ ముగ్గురి మీదే మొత్తం భారం పడే డిక్రీ రాకూడదు. అయితే సమన్లతో ఆమెను ఉలిక్కిపడేలా చేయవద్దు. ముందు మీరే ఫోను చేయండి. ‘అత్తా, తాతగారి స్థలంలో సగం మీది, దాని మీద ఇలా పన్ను దావా పడింది’ అని నేరుగా చెప్పండి. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో అన్నవారు ఎవరూ ఉండి ఉండరు. తమ్ముడు అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అధికార పత్రం మీకు గానీ మీ వకీలుకు గానీ పంపితే చాలు. ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు సుంకం కట్టించాలి.

పేర్ల మార్పిడి దీనితో పాటే మొదలుపెట్టండి. తాతగారు, నాయనమ్మ, నాన్నగారి మరణ ధ్రువపత్రాలు, సచివాలయం ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, 1974 దస్తావేజు నకలు, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ధ్రువపత్రం) కావాలి. దరఖాస్తులో అయిదుగురి పేర్లూ ఉండాలి. అన్నయ్య ఒక్కరి పేరు మీదికి మార్చే దరఖాస్తు ఇప్పటికే పడిందేమో కూడా విచారించండి. పడి ఉంటే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.

వకీలు ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మీరూ అమ్మగారూ మేనత్తగారూ ముగ్గురూ దరఖాస్తు చేసుకోవచ్చు. పన్ను దావాను, వాటాల తగాదాను లోక్ అదాలత్‌కు పంపమని అక్కడే అడగండి. అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు. అందుకని చదివి, అర్థం చేసుకుని, కొలతలూ అంకెలూ కాగితం మీద పడ్డాకే సంతకం చేయాలి. రాజీ కుదరకపోతే పంపకాల దావా వేయడానికి జంకవద్దు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్న ఆస్తికి కోర్టు రుసుము కూడా కొద్దిగానే ఉంటుంది. సొంత అన్న మీద కోర్టుకు ఎలా వెళ్లడం అన్న సంకోచం మీకు ఉంటుంది. మీరు ఆయన వాటా అడగడం లేదు కదా. ఆయన 112న్నర గజాలు ఆయనకే ఉంటాయి.

చివరగా అమ్మగారు సంతకం చేసిన స్టాంపు కాగితం. స్థిరాస్తిలో వాటా వదులుకునే పత్రం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు కాకపోతే దానితో హక్కు బదిలీ కాదు. రిజిస్టరు అయిందో లేదో ఈసీ తీయిస్తే తెలుస్తుంది. కాకపోతే అమ్మగారి పేరు మీద అన్నయ్యకు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపించండి. ఆ కాగితంలో ఏముందో తనకు చదివి వినిపించలేదని, అది నిజమైతేనే రాయించండి, తన వాటా వదులుకోవడం తన ఉద్దేశం కాదని, దాని ఆధారంగా ఏ దస్తావేజూ పుట్టించవద్దని అందులో ఉండాలి. లేఖ నకలు, పోస్టు రసీదు దాచండి. ఒకవేళ రిజిస్టరు అయిపోయి ఉంటే మోసంతోనో ఒత్తిడితోనో తీసుకున్నారని దాని రద్దుకు దావా వేయాలి. అందుకు అసలు విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంది. ఆ ఈసీని రేపే తీయించి, వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు సమన్లతో పాటు పట్టుకెళ్లండి.